నేల కింద వదిలేసిన కన్నాలు

నేలలోంచి చల్లగాలి వస్తుందని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "గాలి పైనుంచి కదా వస్తాది, నేలలోంచి ఎలకలొస్తాయి" అంది మా ఆవిడ. ముప్పై ఏళ్ళకు పైగా ఏసీలు బాగుచేసినవాణ్ణి, నాకూ మొదట అలాగే అనిపించింది. ఇప్పుడు రిటైరై, ఖరగ్‌పూర్ తాల్‌బగీచా పేటలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను గానీ, ఇందులో నేను గొప్ప చెప్పుకునేదేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు, దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దిన తీరు, అది బయటపడ్డ రోజు, అంతే. ఎవరి పేర్లూ రాయను. నేను పనిచేసిన ఆఫీసు ఎవరిదో కూడా చెప్పను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరు. నాకు రైల్వేలో రాలేదు. ఏసీ పని నేర్చుకుని ఊళ్ళు తిరిగి, చివరికి సొంత ఊళ్ళోనే, మలంచా రోడ్డు వైపు కట్టిన ఒక కొత్త ఆఫీసు భవనంలో ఏసీ సూపర్‌వైజరుగా కుదురుకున్నాను. రైల్వే ఉద్యోగం రాకపోయినా రైల్వే బుద్ధులు రాకుండా పోవు. పని ఎలా చెయ్యాలో నాకు నేర్పింది నాన్నే. ఆయనకొక మాట ఉండేది: "తీగకి దారి, సేతికి సోటు." తీగ పోయే కన్నం తీగంతే పెట్టకూడదు, రేపు ఇంకో తీగ లాగాల్సి వస్తే చెయ్యి దూరాలి అని దాని అర్థం. వర్క్‌షాపులో అది మంచి మాటే. నా కొంప ముంచింది కూడా అదే మాట.

ఆ భవనం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. మామూలు ఆఫీసుల్లో చల్లగాలి పైకప్పులోంచి కిందికి దిగుతుంది. మనిషి దగ్గరికి రాకముందే అది లైట్ల వేడినీ, పైకి లేచిన వేడిగాలినీ కలుపుకుని వస్తుంది. అందుకని గాలిని బాగా చల్లబరిచి గట్టిగా తొయ్యాలి. ఇక్కడ అలా కాదు. అసలు నేల మీద అడుగు ఎత్తున స్టాండ్లు పెట్టి, వాటి మీద రెండడుగుల చదరపు పలకలు పరిచారు. ఆ పలకల కింది ఖాళీ అంతా గాలికి దారి. కుర్చీల పక్కన నేలలోనే గుండ్రటి జల్లెడ మూతలుంటాయి. చల్లగాలి వాటిలోంచి మెల్లగా పైకి వచ్చి, మనిషి కూర్చున్న ఎత్తు దాకా చల్లబరిచి, వేడిని మోసుకుని పైకి పోతుంది. పైకప్పు దగ్గర ఎంత వేడిగా ఉంటే మనకేం, అక్కడ ఎవరూ కూర్చోరు కదా. కాబట్టి గాలి అంత చల్లగా ఉండక్కర్లేదు, పద్దెనిమిది డిగ్రీలు చాలు. ఫ్యానూ గట్టిగా తొయ్యక్కర్లేదు. కరెంటు మిగిలేది ఈ రెండింటి వల్లే. దీనికి ఒకటే షరతు: నేల కింద గాలి నిండుగా నిలబడాలి. కుండకి చిల్లి ఉండకూడదు.

ఈ పద్ధతి వేయించింది తెలంగాణ నుంచి వచ్చిన ఒక ఇంజనీరమ్మ. వయసులో నా కూతురంత ఉంటుంది. ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అక్కడే పరిశోధన చేస్తూ, ఈ భవనానికి సలహాదారుగా ఉండేది. ఒక్కో కన్నానికీ కొలత రాసిన డ్రాయింగు ఇచ్చింది. "సార్, కేబుల్ ఎక్కడ పోయినా చుట్టూ సందు మూయాలె. గింత సందు కూడా ఉండొద్దు" అని వేలి గోరు చూపించి చెప్పింది. అలాగేనమ్మా అన్నాను.

కంప్యూటర్ తీగలు లాగే రోజుల్లో మా మీద తొందర ఎక్కువగా ఉండేది. అంతస్తుల మధ్య తీగలు పైకీ కిందికీ వెళ్ళడానికి గోడలో ఒక నిలువు గొట్టంలాంటి ఖాళీ ఉంటుంది, షాఫ్ట్ అంటాం. నేల పలకల కింద, ఆ షాఫ్టు గోడకి నాలుగు కన్నాలు కొట్టించాలి. డ్రాయింగులో ఉన్నది అరచేతి మందం. నేను ఎర్ర సుద్దతో గోడ మీద గీత గీసి, భుజం దాకా చెయ్యి పట్టేంత కొట్టించాను. తీగలు లాగాక మూద్దామనుకున్నాను. తీగలు లాగారు, మర్నాడు కుర్చీలూ బల్లలూ వచ్చేశాయి, పలకలు పరిచేశారు. చెక్ లిస్టు నా ముందుకొచ్చింది. 'కన్నాలన్నీ మూయడమైనది' అన్న వరుస ఎదుట టిక్కు పెట్టి సంతకం చేశాను.

భవనం తెరిచాక మొదటి వేసవిలోనే తేడా కనిపించింది. ఆఫీసు ఇదివరకున్న పాత భవనం కంటే కరెంటు తక్కువ కాలాలి, ఎక్కువ కాలుతోంది. తూర్పు వైపు కూర్చున్నవాళ్ళు చెమటలు కక్కుతున్నారు. పడమటి వైపు కూర్చున్న దీదీలు బల్ల కింద చెప్పులు విడిచి కూర్చుంటారు కదా, వాళ్ళకి పాదాలు కొయ్యబారిపోతున్నాయి. వాళ్ళు జల్లెడ మూతల మీద గోనెసంచులు పరిచారు. ఒక హెడ్ క్లర్కు గారైతే మధ్యాహ్నం దాకా తన టిఫిను డబ్బా దాని మీదే పెట్టుకునేవాడు. వీటన్నిటినీ మించిన వింత మొదటి అంతస్తులో షాఫ్టుని ఆనుకుని ఉన్న రికార్డు గది. అక్కడ ఎవరూ కూర్చోరు, పాత ఫైళ్ళు మాత్రమే ఉంటాయి. భవనం మొత్తంలో అదే అన్నిటికంటే చల్లటి గది. ఆఫీసు ప్యూను పుట్టినరోజులకి తెచ్చే మీఠా దొయి కుండలు అక్కడే దాచేవాడు. పొద్దున్న పెడితే సాయంత్రానికి కూడా పులిసేది కాదు. మేమంతా నవ్వుకుని ఆ పెరుగు తిన్నాం. మనుషుల్లేని గది ఎందుకంత చల్లగా ఉందని ఏసీ సూపర్‌వైజరైన నేను ఒక్కసారీ అడగలేదు.

ఇక మా ఆపరేటరు. అతనిది మా ఊళ్ళోనే ఖరిదా పేట. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అతని తాతా మా తాతా ఒకే బండిలో దిగారని చెప్పుకుంటారు. చుట్టరికం లేకపోయినా 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. కాంట్రాక్టు మీద ఉండేవాడు, ఏటేటా పొడిగించాలి. మొదటి అంతస్తులో గాలిని చల్లబరిచి నేల కిందికి తోసే పెద్ద మిషను గదిలో అతని బల్ల ఉండేది. గంట గంటకీ లాగ్ బుక్‌లో ఫ్యాను వేగం, గాలి చల్లదనం రాసేవాడు. చివర 'తేడా ఉంటే కారణం' అని ఒక గడి. ఫ్యాను ఎప్పుడు చూసినా పూర్తి వేగంతో తిరిగేది. దాని ఎదుట కారణం గడిలో రోజూ ఒకటే మాట రాసేవాడు: 'తెలియదు'. మేం లాగ్ బుక్ ఇంగ్లీషులోనే రాస్తాం, నేను తెలుగులో చెబుతున్నాను.

తూర్పు వైపు వాళ్ళ గోల పడలేక అతను ఒక పని చేశాడు. గాలిని పద్దెనిమిది నుంచి పద్నాలుగుకి దింపాడు. దాంతో పడమటి వాళ్ళు ఇంకా వణికారు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మిషను ఇంకా కరెంటు మింగింది. ఎస్టేట్ ఆఫీసరు, ఆయన మిడ్నాపూర్ బెంగాలీ, పెద్దమనిషే గానీ పై నుంచి అక్షింతలు పడుతున్న మనిషి, నన్ను పిలిచి రిపోర్టు రాయమన్నాడు. కారణం తేలకపోతే నేల పద్ధతే తీసేసి పైకప్పు ఏసీలు పెట్టిస్తామన్నాడు. నేను రెండు పేజీలు రాశాను. ఆపరేటరు ఎవరినీ అడక్కుండా చల్లదనం మార్చాడనీ, ఫ్యాను పూర్తి వేగంతో నడిపిస్తున్నాడనీ, అడిగితే కారణం కూడా చెప్పలేకపోతున్నాడనీ రాశాను. 'తెలియదు' అన్న మాటలని లాగ్ బుక్‌లోంచి తేదీలతో సహా ఎత్తి రాశాను. ఆ పేజీలు రాస్తున్నప్పుడు నాకు నాలుగు కన్నాలూ గుర్తున్నాయా అని మీరు అడగొచ్చు. గుర్తున్నాయి. నాలుగు కన్నాలకే ఇంత భవనం ఒరిగిపోతుందా అనుకున్నాను. నమ్మాలని ఉన్నది నమ్మడం తేలిక.

దుర్గా పూజ సెలవులు దాటితే ఆపరేటరు కాంట్రాక్టు ఇక పొడిగించరని ముందుగానే నోటీసు వచ్చింది. అతను ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సల్లదనం మార్సినాను, ఒప్పుకుంతాను. జనం పీక్కు తింతంటే మార్సినాను. గానీ ఫ్యాను నాను ముట్టుకోనేదు బావా. అదే ఉరుకుతంది. నేల కింద గాలి నిలవనేదని అది ఉరుకుతంది. గాలి ఎటు పోతందో నాకు తెల్దు. తెల్దనే రాసినాను. అబద్దం రాయనేదు."

"పై వోళ్ళు అడిగినారు, రాసినాను. నన్నేటి సెయ్యమంటావు బావా?" అన్నాను.

"ఏటీ వద్దులే" అని వెళ్ళిపోయాడు. ఆ వయసులో అతనికి ఇంకోచోట పని దొరకదని నాకు తెలుసు. అతనికి అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. నలభై ఏళ్ళ పనిలో మిషను పాడుచేశాడన్న మాట పడలేదు. ఇప్పుడు ఆ మాట కాగితం మీదకి ఎక్కింది, కింద నా సంతకంతో.

అప్పటికి విశ్వకర్మ పూజ దగ్గరికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. వర్క్‌షాపు నుంచి సైకిలు కొట్టు దాకా మిషనున్న ప్రతిచోటా పూజే. మిషన్లు తుడిచి, బొట్లు పెట్టి, ఆ రోజుకి వాటికి సెలవిస్తారు. పనిముట్టు ముట్టుకోకూడదు. బెంగాలీలకీ మాకూ ఇందులో తేడా లేదు, మా నాన్న ఆ రోజు ఇంట్లో స్క్రూడ్రైవరు కూడా తియ్యనిచ్చేవాడు కాదు. మా ఆఫీసులోనూ మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఏసీ ఆపుకోవడానికి అనుమతి ఉండేది.

ఆ పొద్దున్న మిషను గదిలోనే చిన్న మట్టి విగ్రహం పెట్టాం. పంతులు వచ్చి పూజ చేసి వెళ్ళాడు. విగ్రహం ముందు ధునుచి, అంటే కొబ్బరిపీచు మీద ధూపం వేసే మట్టి కుండ, ఇంకా దట్టంగా పొగలు కక్కుతోంది. ఇంజనీరమ్మ కూడా ప్రసాదానికి వచ్చింది. అంతలో ఎస్టేట్ ఆఫీసు నుంచి ఫోను: పై ఆఫీసు నుంచి రావాల్సినవాళ్ళు ముందే వచ్చేశారు, మీటింగు గదిలో ఉడికిపోతున్నారు, వెంటనే ఏసీ వెయ్యండి.

"మద్దేన్నం దాకా ముట్టుకోకూడదు బావా. ఆల్లని కాసేపు కిటికీలు తీసుకోమను" అన్నాడు ఆపరేటరు.

"నీ నోటీసు సాలదా, నాకూ ఒకటి ఇప్పిస్తావా?" అన్నాను. అనకూడని మాట. "నువ్వు ముట్టుకోకపోతే నాను ముట్టుకుంతాను" అని వెళ్ళి పచ్చ బటను నొక్కాను.

ఇక్కడ చిన్న సంగతి. ఆ మిషను గాలిని పీల్చేది ఆ గదిలోంచే. ఆ తొందరలో నాకు ధునుచి సంగతి తట్టలేదు. ఫ్యాను లేవగానే గదిలోని పొగంతా అరనిమిషంలో మాయమైంది. మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది, అది మాయం కాలేదు, నేల కిందికి పోయింది. ఆపరేటరు ధునుచిని ఎత్తి బయటికి పరిగెత్తాడు. అప్పటికే ఫైర్ అలారం కుయ్యోమంది. ఆఫీసు హాలు మొత్తం ఖాళీ అయ్యింది. మెట్ల మీద జనం, కింద పచ్చిక మీద పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దలు.

నేను ఎర్ర బటను మీదకి చెయ్యి చాపాను. ఇంజనీరమ్మ అరిచింది. "ఆపకండి సార్! మంట లేదు కదా, అట్లనే ఉంచండి. పొగ ఎటు పోతుందో చూద్దాం. ఇంత మంచి టెస్టు మనం అడిగినా చేయనియ్యరు."

ఆపరేటరు ధునుచిని బయటపెట్టి తిరిగొచ్చాక ముగ్గురం ఖాళీ హాల్లోకి నడిచాం. మంచి భవనమైతే ప్రతి జల్లెడ మూతలోంచీ పొగ సమంగా లేవాలి. పడమటి వైపు కాస్త కాస్త లేస్తోంది. షాఫ్టుకి అవతల ఉన్న తూర్పు వైపు మూతల్లో పొగ జాడే లేదు. రికార్డు గది తలుపు తీస్తే మాత్రం ఎదుటి మనిషి కనపడనంత పొగ. షాఫ్టు తలుపు సందుల్లోంచి పొగ బుసబుసా పొంగుతోంది. ఇంజనీరమ్మ పై అంతస్తులో షాఫ్టు ఎలా ఉందో చూడ్డానికి మెట్లెక్కింది. ఆపరేటరు అలారం ఆపించడానికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణీ మిగిలాను.

పలకలెత్తే రబ్బరు పట్టు తెచ్చి, ఆ రోజున రెండో పనిముట్టు ముట్టుకున్నాను. హాల్లో షాఫ్టు గోడ పక్క పలక ఎత్తి, మోకాళ్ళ మీద వంగి, టార్చి వేశాను. నా ఎర్ర సుద్ద గీత నిన్న గీసినట్టే ఉంది. దాని లోపల కన్నం. తీగలు అందులో ఒక మూలకి ఒదిగి ఉన్నాయి, మిగిలిందంతా ఖాళీ. గాలి నా చేతి రోమాలని లాగుతూ అందులోకి పోతోంది. ఎనిమిది నెలలుగా ఫ్యాను పరిగెడుతున్నది ఈ కన్నాలు నింపడానికి. ఆపరేటరు చెప్పింది అక్షరం పొల్లు పోలేదు.

అప్పుడు నేను చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పలక తిరిగి వేసేసి, దాని మీద నిలబడ్డాను. రాత్రికి సిమెంటు తెచ్చి గుట్టుగా మూసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఫ్యాను తగ్గుతుంది, ఆపరేటరు ఎలాగూ వెళ్ళిపోతాడు, అతను వెళ్ళాడు కాబట్టే బాగుపడిందనుకుంటారు. ఆలోచన అంతదాకా వెళ్ళింది.

ఆపరేటరు తిరిగొచ్చి గుమ్మంలో ఆగాడు. పలక తొందరలో సరిగ్గా కూర్చోలేదు, ఒక అంచు లేచి ఉంది. అతను దాన్ని చూశాడు, నా చేతిలో రబ్బరు పట్టుని చూశాడు, నా మొహం చూశాడు.

"కాళ్ళకి గాలి తగుల్తందా బావా?" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. గంట గంటకీ రీడింగు అడిగినట్టే అడిగాడు.

అంతలో ఎస్టేట్ ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు, వెనకే ఇంజనీరమ్మ. ధూపం రగులుతుండగా ఫ్యాను వేసిందెవరని బెంగాలీలో గట్టిగా అడిగాడు. ఫ్యాను వెయ్యడం ఆపరేటరు పని కాబట్టి, చూపు అతని మీదే నిలిపాడు. ఒక నోటీసు సరిపోలేదా అని కూడా అన్నాడు. ఆపరేటరు చూపు నేలకి దించాడు. నావైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే నేను తల తిప్పుకునేవాణ్ణేమో. తన మీద రెండో తప్పు పడుతుంటే అతను అలా నేల చూస్తూ నిలబడ్డం నేను భరించలేకపోయాను.

బటను నొక్కింది నేనని చెప్పాను. చెప్పి, పలక మీద నుంచి దిగి, దాన్ని మళ్ళీ ఎత్తాను. ఈ కన్నాలు కొట్టించిందీ, మూయందీ, మూశానని సంతకం పెట్టిందీ నేనేనన్నాను. నా రిపోర్టు అబద్ధమన్నాను. నా బెంగాలీ అంత బాగా ఎప్పుడూ రాలేదు.

తరవాత ఎస్టేట్ ఆఫీసరు అన్నవి ఇక్కడ రాయక్కర్లేదు. ఇంజనీరమ్మ మాత్రం వంగి కన్నంలో చెయ్యి పెట్టి, భుజం దాకా దూర్చి, "మస్తు పెద్దగున్నయి సార్" అంది మెల్లగా. ఆ పిల్ల ఎనిమిది నెలలుగా తన లెక్కలు తప్పాయేమోనని ఎన్నిసార్లు తిరగేసిందో నాకు తెలుసు. వెంటనే మూసేద్దామంది. ఆపరేటరు అడ్డుపడ్డాడు.

"ఇయాల వొద్దమ్మా. ఇయాల ఇంకే పనిముట్టూ ముట్టుకోడానికి నేదు. ఎనిమిది నెల్లు ఆగినాది, రేపటిదాకా ఆగుతాది."

మర్నాడు నేనే నేల మీద పడుకుని నాలుగు కన్నాలూ మూశాను. పలకముక్కలు, సందులు పూడ్చే సీలెంటు ఆపరేటరు అందించాడు, టార్చి పట్టుకున్నాడు. నాలుగోది అయ్యాక ఇద్దరం మిషను గదిలోకి వెళ్ళి నిలబడ్డాం. మొదట ఏమీ కాలేదు. కాసేపటికి ఫ్యాను హోరు ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. అలా దిగుతూ దిగుతూ, కింద రోడ్డు మీద ఆటో హారన్లు ఆ గదిలోకి వినిపించేదాకా వచ్చి ఆగింది. భవనం తెరిచాక ఆ గదిలో మేం బయటి చప్పుడు వినడం అదే మొదటిసారి. ఆ తరవాత గాలిని తిరిగి పద్దెనిమిదికి పెంచాం. తూర్పు వైపు వాళ్ళు చల్లబడ్డారు, పడమటి దీదీలు గోనెసంచులు తీసేశారు. నేల పద్ధతి నిలిచింది. రికార్డు గదిలో పెరుగు పులవడం మొదలుపెట్టిందని ప్యూను నాతో తగువు పెట్టుకున్నాడు.

ఆపరేటరు నోటీసు వెనక్కి తీసుకున్నారు. నాకు మెమో ఇచ్చి స్టోర్సులో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా బల్బులూ ఫిల్టర్లూ అప్పగిస్తూ గడిపాను. అది నాకు ఎక్కువ శిక్షేమీ కాదు. పిల్లలూ, కన్నం ఎంత కొట్టాలో మీ డ్రాయింగులో ఉంటుంది, సంతకం ఎక్కడ ఆపాలో ఏ డ్రాయింగులోనూ ఉండదు.

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. ఫ్యాను హోరు తగ్గిన ఆ పూట ఆపరేటరు బల్ల దగ్గర కూర్చుని రీడింగులు రాశాడు. వేగం రాశాడు, చల్లదనం రాశాడు. ఆఖరి గడి దగ్గర ఆగి, పుస్తకాన్ని నావైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"కారణం నువ్వు రాయి బావా."

నేను రాశాను: 'నేల కింద కన్నాలు మూయడం మరిచిపోవడం వల్ల.' అతను కళ్ళద్దాలు సరిచేసుకుని చదివాడు. తల అడ్డంగా ఊపాడు.

"మర్సిపోయినోడు సంతకం ఎట్టడు బావా."

కొట్టేసి మళ్ళీ రాశాను: 'కన్నాలు మూయలేదు. మూశానని సంతకం పెట్టాను.' అతను ఈసారి రెండుసార్లు చదివాడు. పుస్తకం మూసి, బల్ల సొరుగులో పెట్టి, "ఠీక్ హై. రా, సాయ్ తాగుదుం" అన్నాడు.